త్వరగా గెలిచి ఉంటే? ఓరుగల్లు, ఇటలీ పునర్విజయములపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతము

వేదాంత విద్యార్థులను వెంటబెట్టుకొని ఖిలా వరంగల్‌కు వెళ్ళడము మాకు కొన్నేళ్ళుగా అలవాటు. స్వయంభూ దేవాలయపు శిథిలముల చుట్టూ నాలుగు దిక్కుల నిలిచిన కీర్తి తోరణములు, కొద్ది దూరములో ఏటవాలు గోడలతో ఖుష్ మహల్, వాటన్నిటినీ చుట్టి రాతి కోట, దాని వెలుపల మట్టి కోట. కాకతీయులు కట్టుకొన్న నగరము, ఢిల్లీ సైన్యములు గెలిచిన నగరము, తెలుగు నాయకులు తిరిగి తీసుకొన్న నగరము, మూడూ అక్కడే ఉన్నాయి. ఒక పర్యాయము ఒక విద్యార్థి ఇలా అడిగాడు: "అయ్యగారూ, ఓరుగల్లు 1323లో పోయింది, 1336లో తిరిగి వచ్చింది అంటున్నారు. ఆ పదమూడేళ్ళు ఆగకుండా వెంటనే గెలిచి ఉంటే మన చరిత్ర వేరుగా ఉండేది కాదా?"

ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. మేము బి.డి. చదువుకొనే రోజులలో సంఘ చరిత్ర తరగతిలో దీనినే మరొక రూపములో విన్నాము. ఆరవ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి గోతుల చేతిలోనున్న ఇటలీని తిరిగి గెలవడానికి దాదాపు ఇరువది సంవత్సరములు పట్టింది. ఆ యుద్ధము నాలుగైదేళ్ళలో ముగిసి ఉంటే రోము నగరము పాడుబడేదా, లంబార్డులు ఇటలీలో అడుగుపెట్టగలిగేవారా, పోపుల అధికారము అంతగా పెరిగేదా అని తోటి విద్యార్థులు వాదించుకొనేవారు. అప్పట్లో మేమూ "త్వరగా గెలిస్తే అంతా బాగుండేది" అనే పక్షములోనే ఉన్నాము.

ఇప్పుడు మా అభిప్రాయము మారింది. ఓరుగల్లును, ఇటలీని ప్రక్కప్రక్కన పెట్టి చూసినప్పుడు, గెలుపు ఎంత వేగముగా వచ్చింది అనే దానికంటె గెలిచిన మరునాడు గెలిచినవారు ఏమి చేశారు అనేదే ఆ దేశముల గతిని నిర్ణయించిందని మాకు తోచింది. దానిని ఈ వ్యాసములో వివరింప ప్రయత్నిస్తాము.

2. "ఒకవేళ" అనే ప్రశ్న అడుగవచ్చునా?

జరిగినదే చరిత్ర, జరగనిదానిని గురించి మాట్లాడడము వ్యర్థమని కొందరు పండితుల మాట. కాని లేఖనములు ఈ ప్రశ్నను నిషేధించలేదు. కెయీలాలో దావీదు ఏఫోదు ద్వారా దేవునియొద్ద విచారించినప్పుడు, సౌలు దిగివస్తాడనీ, ఆ పట్టణస్థులు దావీదును అప్పగిస్తారనీ దేవుడు తెలియజేశాడు. దావీదు ఆ ఊరు విడిచి వెళ్ళాడు కనుక ఆ రెండూ జరగలేదు (1 సమూ. 23:7-13). జరగబోయి జరగక ఆగిపోయినదానిని గూర్చి దేవుడే మాట్లాడిన సందర్భమిది. ఎలీషా మరణశయ్యపై ఉండి, యోవాషు రాజు బాణములతో నేలను మూడు మారులే కొట్టి ఆగినందుకు కోపించాడు. ఐదారు మారులు కొట్టి ఉంటే సిరియనులపై పూర్తి జయము కలిగి ఉండేదన్నాడు (2 రాజులు 13:14-19). మన ప్రభువు కూడ తూరు సీదోనులను గూర్చి అదే విధముగా మాట్లాడాడు (మత్తయి 11:21).

ఐతే ఈ ప్రశ్న అడగడానికి కొన్ని హద్దులు అవసరము. మొదటిది, మనము ఊహించే మార్పు చిన్నదై, ఆ కాలపు మనుష్యుల చేతిలో ఉన్నదై ఉండాలి. బెలిసారియస్ చేతికి తుపాకులిచ్చి ఊహించడము చరిత్ర కాదు. రెండవది, ఆ మార్పు వలన కలిగే ఫలితమును దగ్గరి కాలము వరకే చూడాలి. వెయ్యేళ్ళ తరువాతి సంగతి ఎవరూ చెప్పలేరు. మూడవది, ఆ మార్పు జరిగినా మారనివేవో కూడ లెక్కించాలి. తెగుళ్ళు, కరువులు, పొరుగు రాజ్యముల బలము మన ఊహకు లోబడవు. ఈ మూడు హద్దులలో ఉండి విద్యార్థి ప్రశ్నను పరిశీలిద్దాము.

3. ఓరుగల్లు పతనము, పదమూడేళ్ళ నిరీక్షణ

కాకతీయ ప్రతాపరుద్రుని కాలములో ఢిల్లీ సుల్తానుల సైన్యములు ఓరుగల్లుపైకి పలుమార్లు వచ్చాయి. 1303లో వచ్చిన దండు విఫలమై తిరిగిపోయింది. 1309-10లో మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి కప్పము తీసుకొని వెళ్ళాడు. చివరగా ఘియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. ఇతడే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. అతని మొదటి ముట్టడి ఫలించలేదు. ఢిల్లీలో సుల్తాను మరణించాడనే వదంతి సైన్యములో పుట్టి, సేనానులు చెదరిపోగా అతడు దేవగిరికి వెనుదిరిగాడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. శత్రువు వెళ్ళిపోయాడని ఓరుగల్లులో ఉత్సవములు జరిగాయనీ, కోటలో నిలువచేసిన ధాన్యమును బయటికి తీసివేశారనీ ఇసామీ అనే చరిత్రకారుడు చెప్పిన కథనము. కొద్ది నెలలలోనే ఉలుగ్ ఖాన్ కొత్త సైన్యముతో తిరిగి వచ్చాడు. ధాన్యము లేని కోట ఎంతకాలము నిలుస్తుంది? 1323లో ఓరుగల్లు లొంగిపోయింది, దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ప్రతాపరుద్రుని ఢిల్లీకి తీసుకొనిపోతుండగా ఆయన నర్మదా తీరమున మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్ర శాసనము తెలుపుతున్నది.

ఆ తరువాత ప్రోలయ నాయకుడు గోదావరి తీరమున రేకపల్లి కేంద్రముగా బలము కూడగట్టుకొన్నాడు. విలస శాసనము ఆయన కాలమున అగ్రహారములు తిరిగి నెలకొన్నాయనీ, రైతులు పంటలో న్యాయమైన భాగమును ఇష్టపూర్వకముగా చెల్లించారనీ ప్రశంసిస్తున్నది. అదే శాసనము ఢిల్లీ పాలనను మిక్కిలి చీకటి కాలముగా వర్ణించింది. అది రాజును స్తుతించడానికి వ్రాయబడిన కావ్యము వంటిదని మనము మరువకూడదు. గెలిచినవాని శాసనము గెలిచినవాని పక్షముననే మాట్లాడుతుంది.

ప్రోలయ నాయకుని తరువాత ఆయన పినతండ్రి కుమారుడు కాపయ నాయకుడు నాయకత్వము వహించాడు. 1334-35 ప్రాంతములో మధుర తిరుగుబాటును అణచడానికి బయలుదేరిన ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఓరుగల్లు చేరేసరికి సైన్యములో ఒక మహమ్మారి ప్రబలింది. సుల్తానుకు కూడ జబ్బు చేసింది. అతడు దండయాత్ర మానుకొని వెనుదిరగవలసి వచ్చింది. 1336లో కాపయ నాయకుడు ఓరుగల్లును ముట్టడించగా, అక్కడి అధిపతి మాలిక్ మక్బూల్ కోట విడిచి ఢిల్లీకి పారిపోయాడు. కాపయ నాయకుని శాసనములు ఆంధ్రదేశాధీశ్వరుడనీ ఆంధ్రసురత్రాణుడనీ కీర్తిస్తాయి. సురత్రాణ అనునది సుల్తాను అనే మాటకు సంస్కృత రూపము. ఓడించిన శత్రువు బిరుదునే తాను ధరించాడన్నమాట.

ఇంకొక విశేషమున్నది. పారిపోయిన మాలిక్ మక్బూల్ పరదేశి కాడు. అతడు మతము మార్చుకొన్న తెలుగువాడని షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ వ్రాశాడు. తరువాత ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రియై, ఖాన్-ఇ-జహాన్ అనే బిరుదుతో ఢిల్లీలో మరణించాడు. కాబట్టి 1336 యుద్ధమును రెండు జాతుల యుద్ధముగానో, రెండు మతముల యుద్ధముగానో మాత్రమే చెప్పేవారు చరిత్రలో సగమునే చెబుతున్నారు.

4. 1324లోనే గెలిచి ఉంటే?

ఇక విద్యార్థి అడిగిన ప్రశ్న. 1324లోనో 1325లోనో నాయకులు ఓరుగల్లుపైకి వెళ్ళి ఉంటే ఏమయ్యేది? ఆ సంవత్సరములలో ఢిల్లీ బలము తగ్గుముఖములో లేదు. 1324లో రాజమహేంద్రవరములో ఉలుగ్ ఖాన్ పేర కట్టిన మసీదు శాసనము ఆ బలము గోదావరి వరకు వచ్చినదనడానికి సాక్ష్యము. 1325లో అతడు సుల్తాను అయ్యాడు. 1327లో రాజధానిని దేవగిరికి, అనగా దౌలతాబాదుకు మార్చాడు. ఆ కాలములోనే కంపిలి రాజ్యము నాశనమైంది. దక్కనులో అంత దగ్గరగా సుల్తాను స్వయముగా సైన్యముతో ఉండగా, అప్పుడే గెలిచిన ఓరుగల్లు రెండు మూడు సంవత్సరములైనా నిలిచేదా? కంపిలికి పట్టిన గతే పట్టే అవకాశము ఎక్కువని మా ఉద్దేశము.

అంటే ఆ పదమూడేళ్ళు వృథా కాలేదు. ఊళ్ళు తిరిగి కుదురుకొన్నాయి, నాయకులు ఒకరినొకరు నమ్ముకొన్నారు, సుల్తాను బలము నలుదిక్కుల తిరుగుబాట్లతో చీలిపోయింది. కనాను దేశమును గూర్చి దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పిన మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది. దేశము పాడై అడవి మృగములు విస్తరించకుండునట్లు వారిని ఒక్క సంవత్సరములోనే వెళ్ళగొట్టననీ, ప్రజలు అభివృద్ధి పొందేకొద్దీ క్రమక్రమముగా వెళ్ళగొడతాననీ ఆయన సెలవిచ్చాడు (నిర్గమ. 23:29-30). భూమిని నిలుపుకొనే జనము లేకుండా భూమిని గెలవడములో ప్రయోజనము లేదని ఆ వాక్యభాగము మనకు నేర్పుతున్నది.

ఐతే ఎవరైనా ఇలా అడగవచ్చు: "ఇది ఊహే కదా, నిజముగా త్వరగా గెలిచిన చోట ఏమి జరిగిందో చూపగలరా?" చూపగలము. అందుకే ఇటలీ దగ్గరకు వెళ్ళవలసి ఉన్నది.

5. ఇటలీ: ఐదేళ్ళలో వచ్చిన గెలుపు

జస్టీనియన్ గోతులతో చేసిన యుద్ధము 535 నుండి 554 వరకు సాగిందని పాఠ్యపుస్తకములు చెబుతాయి. అందువలన అది మొదటి నుండి నత్తనడక నడిచిన యుద్ధమని మనము తలుస్తాము. అది నిజము కాదు. ఇటలీని ఏలిన గోతు రాజు థియోడోరిక్ 526లో చనిపోయాడు. ఆయన కుమార్తె అమలసుంత 535లో హత్య చేయబడింది. దానిని కారణముగా చూపి జస్టీనియన్ యుద్ధము ప్రారంభించాడు. సేనాధిపతి బెలిసారియస్ అంతకు ముందే ఉత్తర ఆఫ్రికాలో వాండల్ రాజ్యమును 533-34లో కొద్ది నెలలలో గెలిచినవాడు. ఇటలీకి ఆయన తెచ్చిన సైన్యము ఏడెనిమిది వేలకు మించదు. 535లో సిసిలీ, 536లో నేపుల్స్, అదే సంవత్సరము డిసెంబరులో రోము ఆయన వశమయ్యాయి. గోతు రాజు విటిగిస్ ఒక సంవత్సరము పాటు రోమును ముట్టడించి, నగరమునకు నీరు తెచ్చే కాలువలను తెగగొట్టి కూడ గెలవలేకపోయాడు. 540లో రాజధాని రావెన్నా లొంగింది, విటిగిస్ బందీ అయ్యాడు. ప్రొకోపియస్ లెక్క ప్రకారము అప్పటికి ఆయుధము పట్టి నిలిచిన గోతులు సుమారు వెయ్యిమంది.

అంటే త్వరిత విజయము ఊహించనవసరము లేదు, అది నిజముగానే వచ్చింది. ఐదేళ్ళలో అంతా ముగిసినట్లే కనబడింది. మరి తరువాతి పదునాలుగేళ్ళ యుద్ధము ఎక్కడ నుండి వచ్చింది?

ముఖ్యముగా మూడు కారణములు. మొదటిది, బెలిసారియస్‌ను వెనుకకు పిలిచిన చక్రవర్తి, ఆయన స్థానములో ఒక్క ప్రధాన సేనానిని నియమించలేదు. సమానాధికారము గల పలువురిని ఉంచగా ఎవరికి వారు దోచుకోవడములో మునిగారు. రెండవది, పన్నుల లెక్కలు చూడడానికి అలెగ్జాండర్ అనే అధికారిని పంపాడు. బంగారు నాణెముల అంచులు కత్తిరించడములో నేర్పరి అని ఆయనకు "కత్తెర" అనే ఎగతాళి పేరు ఉండేది. ఆయన సైనికుల జీతములను కోసివేశాడు, గోతుల కాలపు పాత బాకీలు కట్టుమని ఇటలీవారిని పీడించాడు. తమను విడిపించడానికి వచ్చినవాడు పాత యజమానికంటె ఎక్కువ వసూలు చేస్తే ప్రజలు ఎవరి పక్షము వహిస్తారు? మూడవది ఎవరి చేతిలోనూ లేనిది. 540లోనే పారసీక రాజు ఖుస్రో అంతియొకయ పట్టణమును దోచుకొన్నాడు. 542లో కాన్‌స్టాంటినోపుల్‌ను తాకిన మహా తెగులు సామ్రాజ్యపు జనబలమును, ధనబలమును హరించింది. ఒక మహమ్మారి ఓరుగల్లు నాయకులకు దారి తెరిచింది, మరొకటి జస్టీనియన్‌కు దారి మూసివేసింది.

541లో గోతులకు రాజైన తోతిలా ఈ పరిస్థితిని చక్కగా గ్రహించాడు. పల్లెలను దోచుకొనక పన్నులు మాత్రమే తీసుకొన్నాడు, దాసులను తన సైన్యములో చేర్చుకొన్నాడు. 546లో అతడు రోమును పట్టుకొనే నాటికి అక్కడ సామాన్య జనులు ఐదువందలమంది మాత్రమే మిగిలి ఉన్నారని ప్రొకోపియస్ వ్రాశాడు. 552లో నార్సెస్ అనే సేనాని వచ్చి తోతిలాను ఓడించాడు. 554లో ఇటలీ పరిపాలనకు చక్రవర్తి శాసనము వెలువడింది. కాని ఆ శాసనము ఏలడానికి మిగిలినది పాడైన పొలములు, ఖాళీ అయిన పట్టణములు. 568లో లంబార్డులు వచ్చి ఇటలీలో అధికభాగమును ఆక్రమించుకొన్నారు.

6. సంతకము చేయని సంధి

మనము పైన చెప్పిన మొదటి హద్దు ప్రకారము, మనుష్యుల చేతిలో ఉన్న ఒక చిన్న మార్పును ఇప్పుడు ఊహిద్దాము. 540లో రావెన్నా లొంగక ముందు జస్టీనియన్ స్వయముగా ఒక సంధి పంపాడు. పో నదికి ఉత్తరమున ఉన్న భూమిని విటిగిస్ ఏలుకోవచ్చు, దక్షిణమున ఉన్నదంతా సామ్రాజ్యమునకు చెందుతుంది, రాజ ధనాగారము చెరి సగము. గోతులు దీనికి ఒప్పుకొన్నారు. కాని సంపూర్ణ విజయము చేతికందుతున్నదని భావించిన బెలిసారియస్ సంతకము చేయ నిరాకరించాడు. తానే పశ్చిమ చక్రవర్తినౌతానని గోతులను నమ్మించి రావెన్నాలో ప్రవేశించి, తరువాత ఆ మాట తప్పాడు.

ఆయన సంతకము చేసి ఉంటే? తెగులు వచ్చేది, పారసీకులతో యుద్ధమూ తప్పేది కాదు. కాని రోము నుండి దక్షిణమంతా రెండవ యుద్ధము చూడకపోయేదేమో. ఉత్తరాన ఫ్రాంకులకు, లంబార్డులకు అడ్డుగా ఒక గోతు రాజ్యము మిగిలేదేమో. మోసపోయామన్న పగ తోతిలా వెనుక అంతమందిని నిలిపేది కాదేమో. కాబట్టి మా దృష్టికి ఇటలీకి కావలసి ఉండినది మరింత వేగమైన విజయము కాదు, మరింత చిన్న విజయము, దానిని నమ్మకముగా నిలుపుకొనే మనస్సు.

7. 1336 మరునాడు

ఇటలీని చూసిన కన్నులతో ఓరుగల్లును తిరిగి చూద్దాము. కాళువచేరు శాసనము (1423) కాపయ నాయకుని వెంట 75 మంది నాయకులు నడిచారనీ, ఆయన తరువాత వారు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళి తమ తమ సీమలను ఏలుకొన్నారనీ చెబుతుంది. నిజానికి ఆయన జీవించి ఉండగానే ఆ ఐక్యత సడలింది. తూర్పు తీరమున అద్దంకి రెడ్లు 1325 నుండి స్వతంత్రులు. పడమట రేచెర్ల నాయకులు తమ బలము పెంచుకొన్నారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్‌పై తిరుగబడిన దక్కను అమీర్లకు కాపయ నాయకుడు సహాయము చేశాడు. 1347లో వారిలో ఒకడైన హసన్ బహమనీ రాజ్యమును స్థాపించాడు. ఆ రాజ్యమే కాపయపైకి దండెత్తి కౌలాస్ దుర్గమును తీసుకొన్నది. తరువాత ముహమ్మద్ షా కాలములో గోలకొండ కూడ పోయింది. తుగ్లక్ సుల్తాను కొరకు చేయించిన ఫిరోజా సింహాసనమును కాపయ నాయకుడు బహమనీ సుల్తానుకు సమర్పించుకోవలసి వచ్చిందని ఫిరిష్తా వ్రాశాడు. చివరకు 1368 ప్రాంతములో భీమవరము వద్ద కాపయ నాయకుడు మరణించినది ఢిల్లీ సైన్యము చేతిలోను కాదు, బహమనీ సైన్యము చేతిలోను కాదు. రేచెర్ల అనపోత నాయకుని చేతిలో. వారి వంశములవారు ఒకప్పుడు ఒకే కాకతీయ ప్రభువు క్రింద కత్తి పట్టినవారే.

నేడు ఏ కులమువారు ఏ నాయకుని తమవాడని చెప్పుకొంటారు అనే వాదములోనికి మేము పోము. మేము గమనించినది ఒక్కటే. శత్రువు ఎదుట ఉండగా 75 మంది కలిసి నడవగలిగారు. శత్రువు వెళ్ళిపోయిన తరువాత పంటలో ఎవరి వంతు ఎంత, కోటలో ఎవరి మాట చెల్లుతుంది అనే ప్రశ్నలకు వారియొద్ద ఒప్పందము లేదు. ఇక్కడ కూడ ఒక చిన్న మార్పును ఊహించవచ్చును. కౌలాస్ పోయిన నాడు రెడ్లు, రేచెర్లవారు కాపయతో నిలిచి ఉంటే గోలకొండ నిలిచేదేమో.

ఐతే రెండవ హద్దును మరువరాదు. గోలకొండ చేజారకపోతే ఎంత బాగుండేదో అని నిట్టూర్చే మనమే, రెండు శతాబ్దముల తరువాత అదే గోలకొండలో ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడని గర్వముగా చెప్పుకొంటాము. ఒక నష్టమును చరిత్రలో నుండి తీసివేస్తే దాని వెంట ఏ మేలు కూడ పోతుందో మనకు తెలియదు. "ఒకవేళ" అనే ప్రశ్న మనుష్యుల బాధ్యతను చూపడానికి ఉపయోగపడుతుంది గాని, దేవుని పరిపాలనకు సవరణలు వ్రాయడానికి కాదు.

8. సంఘమునకు ఏమి మిగిలింది?

మనము కాపరులము గనుక ఈ ప్రశ్న తప్పదు. గోతులు క్రైస్తవులే. ఐతే కుమారుని దైవత్వము విషయములో నైసియా సభ (325) ఖండించిన ఏరియన్ బోధను అనుసరించినవారు. అందువలన జస్టీనియన్ విజయమును సత్యబోధ గెలిచిన దినముగా ఆనాడు అనేకులు ఎంచారు. ఏరియన్ బోధ తప్పని మేమూ నమ్ముతాము. కాని చక్రవర్తి ఖడ్గముతో వచ్చిన గెలుపు సంఘమునకు ఏమి ఇచ్చినదో చూడండి. 537లో రోము బిషప్పు సిల్వేరియస్‌ను గోతులతో కుమ్మక్కయ్యాడన్న నేరముపై బెలిసారియస్ పదవి నుండి తొలగించాడు. ఆయన చెరలో మరణించాడు. ఆయన స్థానములో వచ్చిన విజిలియస్‌ను చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌కు తెప్పించుకొని, 553 నాటి సభ తీర్మానములకు ఒప్పుకొనేవరకు ఒత్తిడి చేశాడు. ఆ తీర్మానముల వలన ఉత్తర ఇటలీ సంఘములలో పుట్టిన చీలిక ఆ శతాబ్దము గడచినా మానలేదు. విడిపించినవాడే యజమాని అయ్యాడు.

గోతుల సంఘము మాటేమిటి? నాలుగవ శతాబ్దములో వుల్ఫిలా గోతు భాషకు లిపి కూర్చి లేఖనములను అనువదించాడు. 551లో రావెన్నాలో గోతుల సంఘపు సేవకులు తమ భూమిని అమ్ముతూ వ్రాసిన పత్రము నేటికీ ఉన్నది. అందులో కొందరు గోతు భాషలోనే సంతకములు చేశారు. ఆ తరువాత వారి ఆలయములు సామ్రాజ్యపు సంఘమునకు ఇవ్వబడ్డాయి. థియోడోరిక్ కట్టించిన ఆలయపు గోడమీది చిత్రములో అతని పరివారమును చెరిపి, వారున్న చోట తెరలు చిత్రించారు. స్తంభములమీద కొన్ని చేతులు మాత్రము చెరపడము మరచిపోయారు. అవి నేటికీ కనబడతాయి. గోతు భాషలోని సువార్తలను ఊదారంగు తోలుమీద వెండి సిరాతో వ్రాసిన ప్రతి ఒకటి ఉన్నది. మొదట 336 పత్రములు గల ఆ ప్రతిలో 188 మాత్రమే మిగిలాయి. వాటిలో 187 స్వీడన్‌లోని ఉప్సాలలో ఉన్నాయి. ఇప్పుడు దానిని ప్రార్థనలో చదివే సంఘము భూమిమీద ఎక్కడా లేదు.

1818లో కొత్త నిబంధన ముద్రణలో తెలుగులో వచ్చిన నాటి నుండి తల్లి భాషలో వాక్యము చదువుకొంటున్న మనకు ఆ నష్టము అర్థము కావాలి. తప్పు బోధను వాక్యముతో సరిదిద్దడము ఒకటి. దానిని పట్టుకొన్న జనమును, వారి భాషను, వారి బైబిలును తుడిచివేయడము మరొకటి. 540 నాటి సంధి నిలిచి ఉంటే, పో నదికి ఆవల ఆ సంఘము మరికొన్ని తరములు జీవించి, స్పెయినులోని గోతులు 589లో చేసినట్లు, తన ఇష్టపూర్వకముగా నైసియా విశ్వాసమునకు తిరిగి ఉండేదేమో.

9. ముగింపు

నెహెమ్యా యెరూషలేము గోడను 52 దినములలో ముగించాడు (నెహె. 6:15). మనము ప్రసంగములలో ఆ వేగమునే ఎక్కువగా పొగుడుతాము. కాని ఆ పని నడుమనే పొలములు, ద్రాక్షతోటలు కుదువపెట్టి ధాన్యము తెచ్చుకొన్న పేదల మొర వినబడింది. నెహెమ్యా గోడ సంగతితో పాటు వడ్డీ సంగతి కూడ తీర్చవలసి వచ్చింది (5వ అధ్యాయము). కొంతకాలము రాజునొద్దకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి లేవీయుల పాళ్ళు చెల్లించడము మానివేశారు, వారు తమ పొలములకు వెళ్ళిపోయారు (13:10). గోడ నిలిచే ఉన్నది. లోపలి క్రమము నిలువలేదు.

తోటి సేవకులారా, మన పరిచర్యలో కూడ త్వరిత విజయముల మాట తరచుగా వినబడుతున్నది. మూడు రాత్రుల కూటములకు ఎందరు వచ్చారు, ఎన్ని చేతులు పైకి లేచాయి, సంవత్సరములో ఎన్ని మందిరములు ప్రతిష్ఠించబడ్డాయి అని లెక్కలు వ్రాసుకొంటాము. వాటిని మేము తక్కువ చేయడము లేదు. ఐతే కూటములు ముగిసిన నాలుగవ రోజు ఆ ఊరిలో ఎవరు ఉన్నారు? బాప్తిస్మము పొందినవారి ఇంట తగవు వచ్చినప్పుడు తీర్చేది ఎవరు? కానుకల లెక్క నలుగురి ఎదుట చెప్పేది ఎవరు? పెద్దల నడుమ భేదము వస్తే ఏ ఒప్పందము ప్రకారము నడుస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు లేనిచోట రావెన్నా, ఓరుగల్లు మన సంఘములలోనే తిరిగి జరుగుతాయి.

ఆ దినము తోరణముల నీడలో విద్యార్థికి మేము సరియైన జవాబు ఇవ్వలేకపోయాము. వేళ మించిపోయిందని బస్సు ఎక్కాము. ఇప్పుడైతే ఇలా చెబుతాము: "బాబూ, పదమూడేళ్ళు ముందుగా గెలిచి ఉంటే ఆ కోట బహుశా నిలిచేది కాదు. పదమూడేళ్ళు ఆగి గెలిచారు గనుక ముప్పది సంవత్సరములు నిలిచింది. ఆ ముప్పది సంవత్సరములలో ఒకరితో ఒకరు ఎలా మెలగాలో నేర్చుకొని ఉంటే ఇంకా నిలిచేది. నీవు రేపు ఒక సంఘమునకు కాపరిగా వెళ్తావు. ఎంత త్వరగా పెంచాలి అని కాక, పెరిగినదానిని ఏ క్రమములో నిలుపుకోవాలి అని మొదటి దినము నుండే ఆలోచించు."